పాటను ఎలా అడగాలి? సంగీత డేటాబేసుల్లో లోతైన సెర్చ్

పాట సగం గుర్తుంటుంది. పాడింది సుశీల గారని తెలుసు. సినిమా బ్లాక్ అండ్ వైట్ అని తెలుసు. సంగీతం బహుశా సాలూరి రాజేశ్వరరావు గారిదేమో. ఇంత సమాచారం చేతిలో ఉంచుకుని కూడా సెర్చ్ బాక్సులో నాలుగు మాటలు కొడితే ఏమొస్తుంది? నిన్న మొన్నటి రీమిక్సులు వస్తాయి. "పాత మధురాలు" పేరుతో గంటల తరబడి సాగే కలగూరగంపలు వస్తాయి. మనకు కావలసిన ఆ ఒక్క పాట మాత్రం రాదు. సముద్రాలు దాటి వచ్చిన తెలుగువాళ్ళలో ఈ అనుభవం లేనివారు అరుదు.

పగలంతా డేటాబేసులతో కుస్తీ పట్టడమే నా ఉద్యోగం. ఇంజినీరింగులో మాస్టర్స్ చేయడానికి సిడ్నీ వచ్చి, ఆ తర్వాత ఇక్కడే వెస్ట్‌మీడ్‌లో స్థిరపడిపోయాను. వారాంతాల్లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా చివరికి సంభాషణ పాత పాటల మీదికే వెళుతుంది. "నువ్వు సాఫ్టువేరు వాడివి కదా, ఆ పాటేదో వెతికిపెట్టు" అని అడిగే పెద్దవాళ్ళు మా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. అలా వెతికి పెట్టడంలో నేర్చుకున్న సంగతులను నలుగురితో పంచుకోవాలనే ఈ వ్యాసం. ప్రోగ్రామింగు రాకపోయినా ఫరవాలేదు. కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందుగా ఒక చిన్న పరిచయం

నేను ఎక్కువగా వాడేది మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఉచిత డేటాబేసు. దీని పుట్టుక వెనుక ఒక కథ ఉంది. 1990ల చివర్లో కంప్యూటర్లో ఆడియో సీడీ పెట్టగానే పాటల పేర్లు వాటంతట అవే కనిపించడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ పేర్లు సీడీడీబీ అనే డేటాబేసు నుంచి వచ్చేవి. వాటిని ఓపికగా టైపు చేసి ఎక్కించింది ప్రపంచవ్యాప్తంగా ఉన్న సామాన్య శ్రోతలు. అయితే ఆ డేటాబేసు వ్యాపార సంస్థ చేతిలోకి వెళ్ళింది, గ్రేస్‌నోట్ అని పేరు మారింది, అందరికీ తెరిచి ఉన్న తలుపులు మూసుకున్నాయి. జనం ఊరికే ఇచ్చిన సమాచారం జనానికే దూరమైంది! అలాంటిది మళ్ళీ జరగకూడదనే ఆలోచనతో రాబర్ట్ కే అనే ప్రోగ్రామరు మొదలుపెట్టిన ప్రయత్నమే మ్యూజిక్‌బ్రెయిన్జ్. 2004లో దీని నిర్వహణ కోసం కాలిఫోర్నియాలో మెటాబ్రెయిన్జ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. ఇందులోని ముఖ్య సమాచారం మీద ఎవరికీ హక్కులు లేవు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా చేర్చవచ్చు.

ఇక్కడ పాటలు వినపడవు. ఇది పాటల గురించిన సమాచారం మాత్రమే. గ్రంథాలయంలో పుస్తకాల కేటలాగు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కానీ కేటలాగులో సరైన పేరు, సంవత్సరం, పాడినవారు తెలిస్తే ఆ తర్వాత పాట వినడం క్షణాల్లో పని.

పాట, పాడటం, డిస్కు - మూడూ వేరు వేరు

చాలామంది సెర్చ్ చేసేటప్పుడు ఇక్కడే తడబడతారు. మనం "పాట" అనే ఒక్క మాటతో మూడు వేరు వేరు వస్తువులను పిలుస్తాం. డేటాబేసు వాటిని మూడు వేరు వేరు అరల్లో పెడుతుంది.

ఉదాహరణకు "బ్రోచేవారెవరురా" తీసుకుందాం. ఇది మైసూరు వాసుదేవాచార్యుల వారు ఖమాస్ రాగంలో చేసిన కృతి. ఆ కృతి ఒకటే. దీన్ని డేటాబేసు భాషలో "వర్క్" అంటారు. అదే కృతిని కచేరీల్లో ఎందరో విద్వాంసులు పాడారు. 1980లో వచ్చిన "శంకరాభరణం" సినిమాలో బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం పాడారు. ఒక్కొక్కరు పాడినది ఒక్కొక్క "రికార్డింగ్". ఆ సినిమా పాటలన్నీ కలిపి తెచ్చిన ఎల్పీ, తర్వాత వచ్చిన కేసెట్టు, ఇంకా తర్వాత వచ్చిన సీడీ, ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క "రిలీజ్". చాలదన్నట్టు 2019లో అదే పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది!

కాబట్టి "బ్రోచేవారెవరురా" అని ఊరికే కొడితే కృతి, కచేరీ, సినిమా పాట, కొత్త సినిమా అన్నీ ఒకే కుప్పగా పడతాయి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ సెర్చ్ పేజీలో "టైప్" అని ఒక జాబితా ఉంటుంది. కొట్టే ముందు మీకు కావలసింది వర్కా, రికార్డింగా, రిలీజా అని అక్కడ తేల్చుకోండి. ఈ ఒక్క పనితోనే సగం చెత్త పోతుంది.

దీనికి అనుబంధంగా మరో ముఖ్యమైన సంగతి ఉంది. పాడినవారి పేరు రికార్డింగుకు అంటుకుని ఉంటుంది. రాసినవారి పేరు, స్వరపరిచినవారి పేరు వర్కుకు అంటుకుని ఉంటాయి. పింగళి నాగేంద్రరావు గారి పాటలు కావాలని రికార్డింగుల అరలో ఆయన పేరు కొడితే ఏమీ రాదు. ఎందుకంటే ఆయన పాడలేదు, రాశారు. టైపును వర్కుకు మార్చి అదే పేరు కొట్టి చూడండి. గాయకులను ఒక అరలో, కవులను ఇంకో అరలో వెతకాలన్న ఈ చిన్న సూత్రం తెలియకనే "ఇందులో తెలుగు పాటలేమీ లేవండీ" అని చాలామంది వెనక్కి వెళ్ళిపోతుంటారు.

అసలు ఆదేశాలు రాయడం

ఇక అసలు విషయానికి వద్దాం. సెర్చ్ పేజీలో "సెర్చ్ మెథడ్" అనే చోట మూడు పద్ధతులు కనిపిస్తాయి. మామూలు ఇండెక్స్ సెర్చ్ ఒకటి, అడ్వాన్స్‌డ్ క్వెరీ సింటాక్స్‌తో ఇండెక్స్ సెర్చ్ రెండోది, నేరుగా డేటాబేసులో వెతికేది మూడోది. మనకు కావలసింది రెండోది. దీని వెనుక నడిచేది లూసీన్ అనే సెర్చ్ ఇంజిను. దాని వ్యాకరణం ఒకసారి పట్టుబడితే ఇంకా అనేక చోట్ల పనికొస్తుంది.

(ఒక మనవి: ఈ వ్యాసంలో ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు బాక్సులో కొట్టేటప్పుడు ఆర్టిస్ట్, రిలీజ్, డేట్ లాంటి మాటలను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనూ, ఆండ్, ఆర్, నాట్, టు అనే మాటలను ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనూ కొట్టాలి.)

మొదటి మెట్టు, అర పేరు చెప్పడం. అర పేరు రాసి, రెండు చుక్కలు పెట్టి, ఖాళీ వదలకుండా వెతికే మాట రాయాలి:

ఆర్టిస్ట్:ఘంటసాల

రెండో మెట్టు, షరతులు కలపడం. రెండూ ఉండాలంటే ఆండ్, ఏదో ఒకటి చాలంటే ఆర్, ఇది వద్దంటే నాట్. ఒకటి కంటే ఎక్కువ మాటలున్న పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. లేకపోతే మొదటి మాటను మాత్రమే ఆ అరలో వెతికి, మిగతా మాటలను ఎక్కడపడితే అక్కడ వెతుకుతుంది:

రికార్డింగ్:"ఎందరో మహానుభావులు" ఆండ్ ఆర్టిస్ట్:బాలమురళీకృష్ణ

మూడో మెట్టు, బ్రాకెట్లు. ఆండ్, ఆర్ కలిపి వాడినప్పుడు ఏది ముందో మనమే చెప్పాలి. ఇది బడిలో నేర్చుకున్న లెక్కల్లాంటిదే:

ఆర్టిస్ట్:సుశీల ఆండ్ (రిలీజ్:మిస్సమ్మ ఆర్ రిలీజ్:మాయాబజార్)

నాలుగో మెట్టు, సంవత్సరాల హద్దు. చదరపు బ్రాకెట్లలో మొదలు, చివర రాసి మధ్యలో టు పెట్టాలి:

డేట్:[1950 టు 1959]

పాట నిడివికి కూడా ఇలాగే హద్దు పెట్టవచ్చు. కాకపోతే దాన్ని మిల్లీసెకన్లలో చెప్పాలి. మూడు నిమిషాల నుంచి నాలుగు నిమిషాల లోపు అంటే 180000 టు 240000 అన్నమాట. పాత 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. కాబట్టి ఒకే కీర్తనకు కచేరీ రికార్డింగు, గ్రామఫోను రికార్డింగు రెండూ ఉన్నప్పుడు వాటిని వేరు చేయడానికి ఇది చక్కని ఉపాయం.

రెండు మల్లీశ్వరులు

ఇప్పుడు ఈ మెట్లన్నీ కలిపి ఒక నిజమైన చిక్కుముడి విప్పుదాం. "మల్లీశ్వరి" పాటలు కావాలి. బి.ఎన్. రెడ్డి గారి సినిమా, 1951, దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి సాహిత్యం, సంగీతం సాలూరి రాజేశ్వరరావు, అద్దేపల్లి రామారావు. అదే పేరుతో 2004లో వెంకటేష్, కత్రినా కైఫ్ నటించిన సినిమా వచ్చింది. దానికి సంగీతం కోటి. ఈ కోటి ఎవరో కాదు, రాజేశ్వరరావు గారి అబ్బాయే! అంటే సినిమా పేరు ఒకటే, సంగీత దర్శకుల ఇంటిపేరు కూడా ఒకటే, మధ్యలో 53 ఏళ్ళు.

సంవత్సరం హద్దు పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. టైపు రిలీజ్ పెట్టి, పేరు మల్లీశ్వరి, డేట్ 1950 నుంచి 1959 అని కొడితే ఏమీ రాకపోవచ్చు. దీనికి కారణం తెలుసుకోవలసినది. డేట్ అనే అరలో ఉండేది సినిమా విడుదలైన సంవత్సరం కాదు, ఆ డిస్కు విడుదలైన సంవత్సరం. పాత సినిమాల పాటలు సీడీలుగానూ, డిజిటల్ ఆల్బములుగానూ ఇటీవలి దశాబ్దాల్లో మళ్ళీ వచ్చాయి. ఎవరో ఆ సీడీని చూసి ఎక్కిస్తే దాని మీద ఉన్న సంవత్సరమే ఎక్కుతుంది. రికార్డింగుల అరలో "ఫస్ట్‌రిలీజ్‌డేట్" అనే మరో అర ఉంది (మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి). అది మొట్టమొదటి విడుదల తేదీ చెబుతుంది. కానీ అది కూడా డేటాబేసులో ఉన్న డిస్కుల్లో మొదటిది మాత్రమే. 1951 నాటి రికార్డును ఎవరూ ఎక్కించకపోతే ఆ పాట పుట్టిందే సీడీల కాలంలో అన్నట్టు కనిపిస్తుంది.

అందుకే పాత తెలుగు పాటలకు సంవత్సరం హద్దు కంటే "ఇది వద్దు" అని చెప్పడమే బాగా పనిచేస్తుంది. సినిమా ఆల్బములను చాలాసార్లు సంగీత దర్శకుడి పేరు మీదే ఎక్కిస్తారు కనుక ఇలా అడగండి:

రిలీజ్:మల్లీశ్వరి నాట్ ఆర్టిస్ట్:కోటి

కొత్తది తప్పుకుంటుంది, పాతది మిగులుతుంది. తేదీని నమ్ముకునే ముందు అది దేని తేదీయో చూసుకోవాలి. బాలసుబ్రహ్మణ్యం గారి తొలి పాటనే చూడండి. "శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న" కోసం పాడింది 1966 డిసెంబరులో, సినిమా వచ్చింది 1967లో. ఆయన తొలి పాట ఏ సంవత్సరానిది అంటే రెండు జవాబులూ నిజమే!

అన్నిటికంటే పెద్ద తలనొప్పి: స్పెల్లింగు

తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒకటి లేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి ఇంటర్నెట్ తొలి రోజుల్లో మన వాళ్ళకు బాగా అలవాటైంది కానీ రికార్డు కంపెనీలు దాన్ని పాటించలేదు కదా! సుశీల గారి పేరు "ఎస్" తర్వాత "హెచ్" ఉండీ, లేకా, "ఈ" కోసం రెండు "ఇ"లతోనూ, ఒక్క "ఐ"తోనూ రకరకాలుగా కనిపిస్తుంది. మద్రాసులో అచ్చయిన లేబుళ్ళలో "త"కు "హెచ్" తగిలించడం అలవాటు. అందుకే త్యాగరాజ కృతుల పేర్లు తెలుగువాడు ఊహించిన అక్షరాల్లో ఉండవు. పంచరత్నాల్లో శ్రీరాగ కృతి "ఎంతరో" అన్నట్టుగా కనపడితే కంగారు పడకండి, అది "ఎందరో"నే.

దీనికి నాలుగు మందులున్నాయి.

మొదటిది నక్షత్రం గుర్తు. తెలిసినంత వరకు రాసి చివర నక్షత్రం పెడితే మిగతాది ఏదైనా సరే అని అర్థం. "బాలసుబ్" వరకు ఇంగ్లీషులో కొట్టి నక్షత్రం పెట్టండి. ఆ తర్వాత "బ్రహ్మణ్యం"ను ఎవరెలా రాసుకున్నా వస్తుంది. అయితే కొటేషన్ గుర్తుల లోపల నక్షత్రం పనిచేయదు. ఇది గుర్తుంచుకోవాలి.

రెండోది కీబోర్డులో ఎడమ పై మూల ఉండే అలలాంటి గీత, టిల్డా. మాట చివర దాన్ని పెడితే రెండక్షరాల తేడా వరకు క్షమిస్తుంది. ఒక అక్షరం ఎక్కువైనా, తక్కువైనా, మారినా అది ఒక తేడా. ఇళయరాజా గారు తన పేరును "ఐ", "ఎ"లు ఎక్కువ పెట్టి రాసుకుంటారు. మనం మామూలుగా రాసే పద్ధతికీ దానికీ సరిగ్గా రెండక్షరాల తేడా, కనుక టిల్డాతో దొరుకుతుంది. ఘంటసాలలో "హెచ్" మరిచిపోతే ఒక్క తేడా, అదీ దొరుకుతుంది. కానీ చిన్న పేర్లకు దీన్ని వాడకండి. "కోటి"కి టిల్డా పెడితే నాలుగక్షరాల పేర్లన్నీ ఊరేగింపుగా వస్తాయి.

మూడోది "ఏలియాస్" అనే అర. ఒక కళాకారుడికి ఎన్ని పేర్లు, ఎన్ని స్పెల్లింగులు, ఎన్ని లిపులు ఉంటే అన్నీ మారుపేర్లుగా ఎక్కించే వీలుంది. ఆర్టిస్ట్ అరలో దొరకనివారు ఏలియాస్ అరలో దొరకవచ్చు. సంస్కృత పండితులు వాడే గీతలు, చుక్కలు ఉన్న ఇంగ్లీషు అక్షరాల గురించి దిగులక్కరలేదు. మామూలు అక్షరాలు కొట్టినా సెర్చ్ వాటిని పట్టుకుంటుంది.

నాలుగోది అన్నిటికంటే బలమైనది. డేటాబేసులో ప్రతి కళాకారుడికీ 36 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. మన ఆధార్ నంబరులాంటిది అనుకోండి. ఆ కళాకారుడి పేజీ తెరిస్తే పైన అడ్రసులోనే ఆ సంఖ్య కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి "ఎ-ఆర్-ఐ-డి" అనే అరలో పెట్టండి. ఇక స్పెల్లింగుతో పనే లేదు. పైగా పేరు ఒకటే, మనుషులు ఇద్దరైనప్పుడు ఇది తప్ప వేరే దారి లేదు. సముద్రాల అంటే ఎవరు? సీనియర్ సముద్రాల రాఘవాచార్యులా, ఆయన కుమారుడు జూనియర్ సముద్రాల రామానుజాచార్యులా? ఇద్దరూ సినీకవులే. లేబులు మీద "సముద్రాల" అని మాత్రమే ఉంటే తండ్రి పాట కొడుకు ఖాతాలో పడుతుంది. గుర్తింపు సంఖ్యలు ఉన్నది ఇలాంటి చోట న్యాయం చేయడానికే.

పని ఎంత పెద్దదో ఒక్క లెక్క చెబుతాను. సుశీల గారు ఆరు భారతీయ భాషలకు పైగా పాడిన 17,695 పాటలను 2016లో గిన్నిస్ వారు గుర్తించారు. ఒక్క గాయనికే ఇన్ని! అరలు, షరతులు, గుర్తింపు సంఖ్యలు లేకుండా ఇంత రాశిలో ఒక్క పాటను పట్టుకోవడం గడ్డివాములో సూదిని వెతకడమే.

తెలుగు లిపిలో కొడితే?

కొట్టవచ్చు, కానీ ఎవరైనా తెలుగులో ఎక్కించి ఉంటేనే ఫలితం. రిలీజుల అరలో భాషకు, లిపికి వేరు వేరు అరలున్నాయి. భాష "లాంగ్" అరలో తెలుగుకు మూడక్షరాల సంకేతం "టి-ఇ-ఎల్". లిపి "స్క్రిప్ట్" అరలో తెలుగు లిపికి "టి-ఇ-ఎల్-యు", ఇంగ్లీషు అక్షరాలకు "ఎల్-ఎ-టి-ఎన్". భాష తెలుగు, లిపి ఇంగ్లీషు అని ఒకసారి, రెండూ తెలుగే అని ఒకసారి సెర్చ్ చేసి చూడండి. మన పాటలు మన అక్షరాల్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుస్తుంది.

తెలుగులో కొట్టేటప్పుడు కంటికి కనిపించని చిక్కు ఒకటుంది. "శంకర్‌దాస్" లాంటి మాటల్లో "ర్" పక్కన "దా" వత్తుగా మారిపోకుండా యూనికోడ్‌లో ఒక అదృశ్యాక్షరం పెడతాం. అది ఉన్న మాట, లేని మాట కంప్యూటరుకు వేరు వేరుగా తోచవచ్చు. అలాగే "మాయాబజార్", "మాయాబజారు" వేరు. "ఆత్రేయ", "ఆచార్య ఆత్రేయ" వేరు. అందుకని తెలుగులో వెతికేటప్పుడు పొల్లు లేని చోటు వరకు రాసి నక్షత్రం పెట్టడం క్షేమం.

కర్ణాటక సంగీత ప్రియులకు ఒక మంచి వార్త. 2011లో బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో కాంప్‌మ్యూజిక్ అనే పరిశోధన మొదలైంది. కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలతో సహా ఐదు సంప్రదాయాలను కంప్యూటరుతో అధ్యయనం చేయడం దాని పని. తమ సమాచారాన్ని వాళ్ళు మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లోనే భద్రపరిచారు. అందువల్ల ఇక్కడ కృతి పేజీలో రాగం, తాళం నమోదు చేసే వీలు కూడా ఉంది. త్యాగయ్య తెలుగు కృతులకు స్పెయిన్ దేశం వాళ్ళు రాగతాళాలు రాసి పెడుతుంటే మనం చూస్తూ కూర్చోవడం ఏం బాగుంటుంది చెప్పండి!

గరాజులో దొరికిన రికార్డులు

ఇదంతా కాలక్షేపం కోసమేనా అని మీరు అడగవచ్చు. ఒక సంగతి చెబుతాను. మా వెస్ట్‌మీడ్‌లోనే చాలా ఏళ్ళుగా ఉన్న ఒక పెద్దాయన కాలం చేశారు. ఇల్లు ఖాళీ చేస్తుంటే గరాజులో రెండు అట్టపెట్టెల నిండా గ్రామఫోను రికార్డులు బయటపడ్డాయి. వాళ్ళబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగాడు. తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. "అన్నా, వీటిలో పనికొచ్చేవి ఏమైనా ఉన్నాయా? లేకపోతే శనివారం కౌన్సిల్ పికప్‌కి బయట పెట్టేస్తాం" అన్నాడు. అతని తప్పేమీ లేదు. నాన్నగారు వాటిని ఎందుకు దాచుకున్నారో చెప్పేవారు లేరు.

ఇద్దరం కూర్చుని ఒక్కొక్క రికార్డు తీశాం. ఇక్కడ పాట పేరుతో వెతకడం శుద్ధ దండగ. లేబుళ్ళు చెరిగిపోయి ఉన్నాయి. ఇలాంటప్పుడు పనికొచ్చేది కేటలాగు నంబరు. ప్రతి రికార్డు లేబులు మీద కంపెనీ వేసిన నంబరు ఉంటుంది. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో టైపు రిలీజ్ పెట్టి "సి-ఎ-టి-ఎన్-ఓ" అనే అరలో ఆ నంబరు కొట్టాలి. అక్షరాలకు అంకెలకు మధ్య ఖాళీ వదిలి ఒకసారి, వదలకుండా ఒకసారి ప్రయత్నించాలి.

రికార్డుల విషయంలో దీనికంటే డిస్కాగ్స్ అనే డేటాబేసు మేలు. అది కూడా 2000లోనే మొదలైంది. పాత రికార్డులు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు అక్కడ ఎక్కువ. దాని అడ్వాన్స్‌డ్ సెర్చ్ ఫారంలో కళాకారుడు, లేబులు, కేటలాగు నంబరు, దేశం, ఫార్మాట్, సంవత్సరం, ఒక్కొక్క పాట పేరు, అన్నిటికీ వేరు వేరు గళ్ళున్నాయి. ఆదేశాలు రాయనక్కరలేదు. దేశం ఇండియా అని పెట్టి కేటలాగు నంబరు కొడితే చాలు. ఒకే పేరున్న ఇద్దరు కళాకారులుంటే రెండోవారి పేరు పక్కన బ్రాకెట్లో అంకె వేస్తారు. ఒకే మనిషి పేరు వేరు వేరు స్పెల్లింగులతో ఉంటే వాటన్నిటినీ ఆ మనిషి కిందికే చేరుస్తారు.

సినిమా పాటల ఈపీలు కొన్ని దొరికాయి. పౌరాణిక నాటక పద్యాల రికార్డులు మాత్రం రెండు చోట్లా లేవు. ఆ కుర్రాడు "అంటే వీటికి విలువ లేదా?" అన్నాడు. నిజానికి అర్థం దానికి పూర్తిగా వ్యతిరేకం. దొరికిన వాటిని ఇంకెవరో దాచారు, పారేసినా పాట పోదు. దొరకనివే జాగ్రత్త చేయాలి. సెర్చ్‌లో రానంత మాత్రాన పాట లేదని కాదు, ఎవరూ ఇంకా రాయలేదని. అట్టపెట్టెలు పికప్‌కి వెళ్ళలేదు. తర్వాతి శనివారాలు కొన్ని కూర్చుని లేబుళ్ళ ఫొటోలు తీసి, వివరాలు ఎక్కించాం. ఒక పద్యం రికార్డు లేబులు చదివి వినిపిస్తుంటే అతను నా పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు గుర్తుపట్టడం మొదలుపెట్టాడు.

ఈ పని మనకు కొత్తేమీ కాదు. ఇదే ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కిన్నియర్ భారతీయ గ్రామఫోను రికార్డుల జాబితాలు తయారు చేశారు. 1899 నుంచి 1908 వరకు గ్రామఫోన్ కంపెనీ మన దేశంలో చేసిన తొలి రికార్డింగుల మీద ఆయన పుస్తకం 1994లో బొంబాయిలో అచ్చయింది. తర్వాతి సంపుటాన్ని ఆయన 2000లో విక్టోరియా నుంచే ప్రచురించారు. కంప్యూటరు సెర్చ్ లేని రోజుల్లో మొదలుపెట్టి, మన భాషలు మాతృభాష కాని మనిషి అంత చేశారు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్‌లో ఆయన పేరు కొట్టి చూడండి.

రాసినవారి పేరు ఎందుకు ముఖ్యం?

2012లో భారతదేశం కాపీరైటు చట్టాన్ని సవరించింది. సినిమా పాటలు రాసినవారికి, స్వరపరిచినవారికి వాటి ఇతర వాడకాల మీద వచ్చే రాయల్టీలో వాటా పొందే హక్కును గట్టిపరిచింది. ఆ వాటా చేరాలంటే పాట పక్కన వాళ్ళ పేరు ఉండాలి కదా! రికార్డింగుకు ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల సంకేతం, వర్కుకు ఐఎస్‌డబ్ల్యూసీ అనే సంకేతం ఉన్నది ఇందుకే. ఈ రెండిటినీ మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో నేరుగా సెర్చ్ చేయవచ్చు.

ఆస్ట్రేలియాలో ఈ వ్యవహారం చూసేది అప్రా ఆమ్‌కాస్ సంస్థ. బహిరంగంగా సంగీతం వాడుకోవడానికి లైసెన్సులు 2019 నుంచి వన్‌మ్యూజిక్ పేరుతో ఇస్తున్నారు. మన సంఘాలు ఉగాదికో, దీపావళికో పాటల కచేరీ పెట్టినప్పుడు పాటల జాబితాలో సినిమా పేరు, గాయకుల పేర్లతో ఆపేస్తాం. కవి పేరు, సంగీత దర్శకుడి పేరు కూడా చేర్చండి. వర్కు అరలో వెతికితే ఒక్కో పాటకు రెండు నిమిషాలు పట్టదు. "మాయాబజార్" లాంటి సినిమాలకు కాస్త జాగ్రత్త అవసరం. 1957 నాటి ఆ చిత్రానికి సంగీతం ఘంటసాల అని టైటిల్సులో ఉంటుంది, కానీ కొన్ని పాటల బాణీలు రాజేశ్వరరావు గారు ముందే కట్టి తప్పుకున్నారు. ఇలాంటి వివరం రాయడానికి డేటాబేసులో ప్రతి వర్కుకూ చోటుంది. తెలిసినవారు రాయాలి, అంతే.

మీరు చేయగలిగింది

మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో ఖాతా ఉచితం. కొత్తగా చేర్చేటప్పుడు ముందు సెర్చ్ చేసి, అదే మనిషి మరో స్పెల్లింగుతో లేరని రూఢి చేసుకోండి. కొన్ని రకాల మార్పులు మిగతా సభ్యుల ఓటు కోసం 7 రోజులు తెరిచి ఉంటాయి. చేర్చిన వెంటనే సెర్చ్‌లో కనపడకపోతే ఇండెక్స్ ఇంకా తాజా కాలేదన్నమాట. అప్పుడు మొదట చెప్పిన మూడో పద్ధతి, నేరుగా డేటాబేసులో వెతకడం, పనికొస్తుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు వాళ్ళకు ఇష్టమైన పది పాటలు అడిగి రాసుకోండి. ఒక్కొక్కటీ వెతకండి. దొరికితే వాళ్ళకు వినిపించండి. కవి పేరు లేకపోతే చేర్చండి, తెలుగు పేరు లేకపోతే మారుపేరుగా ఎక్కించండి. అసలు పాటే లేకపోతే కొత్తగా రాయండి. ఇండియా వెళ్ళినప్పుడు అటక మీద రికార్డులు, కేసెట్లు కనిపిస్తే ఎవరికైనా ఇచ్చేసే ముందు లేబుళ్ళ ఫొటో తీసుకురండి. ఆ పాటలను గుర్తుపట్టి పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్ళు మన మధ్య ఉండగానే ఈ పని జరగాలి. సందేహాలుంటే తప్పకుండా రాయండి, నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.